చెరువు మీద పొగ లేదని ఎవరు చూశారు?

కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ కమిటీలో కనీసం ఏడుగురుండాలి. అందరూ డాక్టర్లే అయితే కుదరదు. న్యాయం తెలిసినవారు ఒకరు, ఏ శాస్త్రమూ తెలియని సామాన్యులు ఒకరు, కనీసం ఒక స్త్రీ, వీళ్ళు కాక సామాజిక శాస్త్రవేత్తో, తత్వవేత్తో, మతధర్మాలు తెలిసినవారో ఒకరు ఉండి తీరాలి. విజయవాడలో ఒక ఆసుపత్రి కమిటీలో ఆ చివరి కుర్చీ నాది. జగ్గయ్యపేటలో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది తత్వం కోసం కాదని నాకు తెలుసు. అంగీకార పత్రాల్లో తెలుగు చూసిపెట్టే మనిషి కావాలి. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర తర్కసంగ్రహం చదువుకున్నానని మాటల్లో బయటపడేసరికి, ఇంకేం, కుర్చీకి తగ్గ అర్హత కూడా దొరికింది.

పోయిన పత్తి తీతలప్పుడు, నందిగామ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. వాడికి షుగరు. మా కమిటీకి సంబంధం లేని వేరే ఆసుపత్రిలో, కొత్త మందు ట్రయల్‌లో చేరమని అడిగారట.

‘బాబాయ్, సగం మందికి మందిస్తారంట, సగం మందికి అదే రంగులో ఉత్త బిళ్ళలంట. ఎవరికేదో కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తదంట. డాక్టరుగారిక్కూడా తెలవదంట. తెలిసి తెలిసి మనిషికి ఉత్త బిళ్ళ ఇవ్వడం ఏం ధర్మం?’

‘పాత మందులు మానమన్నారా?’

‘లేదు, అవి వాడుతూనే ఇది వేసుకోవాలంట.’

‘మరి నీకేం పోయింది?’ అనబోయి ఆగాను. వాడు అడిగింది తనకేం పోతుందని కాదు. ఏం ధర్మమని అడిగాడు. ఆ మాటకు ఫోనులో జవాబు చెప్పలేం. కాగితం మీదనే చెప్పాలి.

మా మెట్ట ప్రాంతంలో జబ్బు నయమవడానికీ పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికీ సంబంధం ఉంది. పిల్లవాడికి జ్వరం తగ్గితే మునేటి ఒడ్డుకు బండి కట్టుకుని పోయిన తరం మాది. ఇప్పుడు ఆటోలో పోతున్నారు, అంతే తేడా. నేనూ మొక్కుకున్నవాణ్ణే, చెల్లించినవాణ్ణే. ఆ గుడి వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళనల్లా అడిగి చూడండి. మొక్కుకున్నాం, తగ్గింది, వచ్చాం అంటారు. ఒక్కరు కూడా తప్పు చెప్పరు. కాని మొక్కుకున్నా తగ్గనివాళ్ళు ఆ వాకిట్లో ఉండరు. మొక్కుకోకుండానే తగ్గినవాళ్ళు పొలంలో కలుపు తీసుకుంటూ ఉంటారు. గుడి దగ్గర లెక్క తీస్తే మొక్కు ఎప్పుడూ ఫలిస్తుంది.

ఈ మాట చదివి భక్తులు కోప్పడనక్కర్లేదు. మొక్కు అనేది అమ్మవారితో మనిషికున్న చుట్టరికం. చుట్టరికానికి పరీక్షలుండవు. ‘నా మొక్కు వల్లే తగ్గింది, నీకూ తగ్గుతుంది, డబ్బు తీసుకురా’ అని ఎవరైనా అన్న క్షణం నుంచి మాత్రం అది చుట్టరికం కాదు, వాదం. వాదమైతే తర్కానికి లోబడాలి.

2021 మే నెల గుర్తుందా? నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందు కోసం జనం విరగబడ్డారు. మా జగ్గయ్యపేట నుంచి కూడా కార్లు మాట్లాడుకుని వెళ్ళారు. తాకిడికి తట్టుకోలేక పంపిణీ ఆపేశారు. ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలించాక మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కంట్లో చుక్కలను మినహాయించింది. హాని కనిపించలేదు, అలాగని కోవిడ్‌ను తగ్గిస్తుందనే ఆధారమూ లేదు, ఇంకే మందులూ మానొద్దు అన్నది ఆ అనుమతి సారాంశం. జనం విన్నది మాత్రం ‘అనుమతి’ అన్న ఒక్క ముక్క. నేను అప్పుడు ఒకాయన్ని అడిగాను: మందు తాగిన వందమందిలో ఎంతమందికి తగ్గింది? తొంభై ఎనిమిది మందికి అన్నాడు గర్వంగా. తాగని వందమందిలో? ఆయన నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తాగనివాళ్ళ సంగతి మనకెందుకు?

తర్కమంతా ఆ తాగనివాళ్ళ దగ్గరే ఉంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. న్యాయశాస్త్రంలో, అంటే మన తర్కంలో, మొదటి మెట్టు ఎక్కే ప్రతి పిల్లవాడికీ ఆయన కొండ మీద పొగ చూపిస్తాడు. పొగ ఉంది కనక నిప్పుంది. ఎలా తెలుసు? వంటింట్లో చూశాం, పొగా ఉంది, నిప్పూ ఉంది. అది సపక్షం. చాలామంది అక్కడితో ఆగుతారు. శాస్త్రం ఆగదు. చెరువు దగ్గరికి పోయి చూడమంటుంది. అక్కడ నిప్పు లేదు, పొగా లేదు. అది విపక్షం. ఉన్నచోట ఉందని చూడటం అన్వయం, లేనిచోట లేదని చూడటం వ్యతిరేకం. రెండూ చూస్తేనే సామాన్యంగా వ్యాప్తి, అంటే పొగకూ నిప్పుకూ ఉన్న విడవని సంబంధం, కుదురుతుంది. చిన్నప్పుడు ఈ చెరువు ఉదాహరణ నాకు దండగ అనిపించేది. నీళ్ళల్లో నిప్పుండదని చెప్పడానికి ఒక శాస్త్రమా అనుకునేవాణ్ణి. ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాక తెలిసింది, మందుల ప్రపంచంలో చెరువు దగ్గరికి పోయేవాడే దొరకడని. వంటింటి సాక్ష్యం ఇచ్చేవాళ్ళు మాత్రం వీధికి పదిమంది.

ఇంకా కష్టమైనది ఉపాధి, అంటే మన కంట పడకుండా తోడై ఫలితం తెచ్చే ఇంకో కారణం. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవాలి. మనం నిప్పు ఘనత అనుకున్నది సగం పచ్చికట్టె ఘనత. కృష్ణపట్నం దాకా కారులో కూర్చుని పోగలిగినవాడికి ఒంట్లో ఓపిక ఉంది. ఆక్సిజన్ మీద ఉన్నవాడు పోలేడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎక్కువమంది బతికారంటే అది మందు చలవా, ఓపిక చలవా? అక్కడ ఓపిక ఉపాధి. వయసు, డబ్బు, తిండి, జబ్బు ముదిరిన తీరు, అన్నీ ఉపాధులే. వీటిల్లో మనకు తెలిసినవి కొన్ని. తెలియనివి ఎన్నో!

కంటికి కనిపించిందే ప్రమాణమనే చార్వాకుడు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు నైయాయికుల్ని, అంటే న్యాయశాస్త్రం వాళ్ళని. కనిపించని ఉపాధి ఒకటి ఎక్కడో లేదని నువ్వెలా చెప్పగలవు, కనక గుర్తును బట్టి ఊహించే నీ అనుమానప్రమాణం మొత్తం గాలిలో మేడ అన్నాడు. పదో శతాబ్దంలో ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీనికి జవాబిచ్చాడు. సందేహానికి ఒక హద్దుంది, నీ సందేహం నీ నడవడికకే విరుద్ధమైనచోట అది ఆగాలి, ఆకలేస్తే అన్నం తింటున్నావు కదా, అన్నం ఆకలి తీరుస్తుందన్న నమ్మకం లేకుండానే తింటున్నావా అని. జవాబు బాగుంది, నవ్వొస్తుంది కూడా. కాని అది అన్నానికి సరిపోయినట్టు కొత్త మందుకు సరిపోదు. కొత్త మందు విషయంలో మనకింకా నడవడిక ఏర్పడలేదు.

నైయాయికులకు తట్టని మూడో దారి ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. అది చీటీ.

రోనాల్డ్ ఫిషర్ అనే ఇంగ్లిషాయన రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పైర్ల మీద పనిచేస్తూ దీన్ని సిద్ధాంతం చేశాడు. ఏ మడికి ఏ ఎరువు వేయాలో మన ఇష్టానికి వదలొద్దు, చీటీకి వదులు అన్నాడు. చీటీ ఉపాధుల్ని పోగొట్టదు. తెలిసినవాటినీ తెలియనివాటినీ ఏ పక్షపాతమూ లేకుండా రెండు గుంపుల్లోకీ చల్లుతుంది. చల్లడంలో ఎక్కువ తక్కువలు వస్తాయి. అయితే ఆ ఎక్కువ తక్కువలు ఎంతవరకు రావచ్చో లెక్క కట్టవచ్చు. కనిపించని ఉపాధి ఉందేమో అన్న చార్వాకుడికి లేదని జవాబు చెప్పరు. ఉండనీ, అది ఇంత తేడా తేవడానికి అవకాశం ఇంత అని కొలిచి చెబుతారు. ఉదయనుడు సందేహాన్ని ఒకచోట ఆపమన్నాడు. వీళ్ళు ఆపకుండా దానికి తూకం వేశారు. దర్శనాల చరిత్రలో ఇది నిజంగా కొత్త అడుగని నా అభిప్రాయం. కాదనే పండితులుంటే వాదానికి సిద్ధం.

ఇక్కడొక చిక్కుంది. మన ఊళ్ళలోనూ చీటీలు వేస్తారు. పెళ్ళి సంబంధం కుదరనప్పుడు రెండు చీటీలు దేవుడి ముందుంచి పసిపిల్ల చేత తీయిస్తారు. అది దేవుడి మనసు తెలుసుకోవడానికి. ట్రయల్‌లో చీటీ దానికి తలకిందులు. ఎవరి మనసూ అందులోకి రాకుండా చూడటానికి వేస్తారు దాన్ని. డాక్టరుకు దయ ఎక్కువైతే బాగా నీరసించినవాడికి మందిచ్చి, గట్టిగా ఉన్నవాడికి ఉత్త బిళ్ళ ఇస్తాడు. కంపెనీకి ఆశ ఎక్కువైతే దీనికి ఎదురు చేస్తుంది. దయ వచ్చినా ఆశ వచ్చినా లెక్క చెడుతుంది. దయను కూడా బయట నిలబెట్టే పద్ధతిని ధర్మమనడానికి మా అన్నయ్య కొడుక్కి నోరు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1948 సంగతి చెబుతాను. ఆ ఏడాది అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు అచ్చేసింది. మొత్తం 107 మంది రోగులు. 55 మందికి మందు, 52 మందికి వాళ్ళ స్థితికి అప్పట్లో తగిన ఒకే వైద్యం, పడక మీద విశ్రాంతి. ఎవరికేదో కవర్లలో మూసిపెట్టిన అంకెలు తేల్చాయి. యుద్ధం తర్వాత బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు, మందు కొద్దిగానే దొరికింది, ఎలాగూ అందరికీ చాలదు. అందుకే చీటీ అన్యాయమని ఎవరికీ అనిపించలేదు. ఆరు నెలల్లో మందు గుంపులో నలుగురు, విశ్రాంతి గుంపులో పద్నాలుగురు చనిపోయారు.

మందు పనిచేసిందనడానికి ఇది చాలా? గణాంక శాస్త్రం ఇక్కడ చేసే పని మన వాదశాస్త్రం చేసేదే. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి మాట, పూర్తి బలంతో చెప్పాలి. ‘ఈ మందు వల్ల ఏమీ కాదు.’ సరే, ఒప్పుకున్నాం. అయితే చనిపోయిన 18 మందీ ఏ గుంపులో పడినా చనిపోయేవాళ్ళే. చీటీలు వాళ్ళను అటూ ఇటూ పంచాయి, అంతే. 107లో 55 వంతున పంచితే మందు గుంపులోకి తొమ్మిది మంది పైచిలుకు రావాలి. వచ్చింది నలుగురు. ఉత్త చీటీల వల్లే ఇంత తేడా ఎటువైపైనా రావడానికి అవకాశం ఎంత? లెక్క కడితే ఇంచుమించు 150 సార్లలో ఒకసారి. పూర్వపక్షం చేసేవాడు ఇప్పుడు ఆలోచించుకోవాలి. ఆ నూట యాభైలో ఒకటి ఈసారే జరిగిందని పట్టుబట్టవచ్చు, అతని ఇష్టం. కాని ఆ పట్టుదల ఖరీదెంతో అందరికీ తెలిసిపోయింది.

చాలామంది, డాక్టర్లతో సహా, ఈ 150లో ఒకటిని ‘మందు పనిచేయకపోవడానికి అవకాశం’ అని చదువుతారు. అలా చదవకూడదు. పూర్వపక్షం నిజమని ఒప్పుకున్న తర్వాత కట్టిన లెక్క అది. ఒప్పుకున్న మాటే ఎంత నిజమో ఆ లెక్కే చెప్పలేదు.

అదే ఏడాది ఇంకో పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి, అందులో చీటీల్లేవు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చాడు. ఆ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది. పదిమంది పిల్లలు కొంతకాలం తేరుకున్నారు. పోల్చడానికి రెండో గుంపు లేదు. అవసరమూ లేదు. మందు లేకుండా ఆ పిల్లలు ఏమవుతారో అప్పటికే ప్రపంచమంతా చూసింది, ఆ చెరువు ఒడ్డున తరతరాల తల్లులు నిలబడి ఉన్నారు. అలాంటిచోట చీటీ వేయడం అధర్మం. సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

మూడో సంగతీ 1948దే. కేంబ్రిడ్జ్ ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఒక భారతీయ యువకుడి వ్యాసం వచ్చింది. పేరు సి.ఆర్. రావు, కల్యంపూడి రాధాకృష్ణారావు. హడగళిలో 1920లో పుట్టిన తెలుగు పిల్లవాడు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు, బదిలీల ఉద్యోగం, కనక చదువు గూడూరులో కొంత, నూజివీడులో కొంత, నందిగామలో కొంత, విశాఖలో కొంత సాగింది. అవును, మా నందిగామే. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా పక్కసీటువాళ్ళకు ఈ మాట చెబుతుంటాను. ఎక్కువమంది సెల్‌ఫోనులోంచి తల ఎత్తరు. కలకత్తాలో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ దగ్గర చేరి, అక్కడి నుంచి సూడాన్ తవ్వకాల్లో దొరికిన పాత ఎముకలను కొలవడానికి కేంబ్రిడ్జ్ వెళ్ళి, ఫిషర్ దగ్గరే డాక్టరేట్ చేశారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకుని ఆగస్టులో వెళ్ళిపోయారు.

ఆ వ్యాసంలో ఉన్నదే రావు స్కోర్ పరీక్ష. పూర్వపక్షాన్ని పరీక్షించే పెద్ద దారులు మూడున్నాయి. నేమన్, పియర్సన్‌లది ఒకటి, అబ్రహాం వాల్డ్‌ది ఒకటి, రావుగారిది ఒకటి. (పాపం ఆ వాల్డ్ 1950లో మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి నీలగిరుల్లో విమానం కూలి చనిపోయాడు.) నేమన్, పియర్సన్‌ల దారిలో వాది ఇంట్లో ఒకసారి, ప్రతివాది ఇంట్లో ఒకసారి కూర్చుని రెంటినీ సరిపోల్చాలి. వాల్డ్ దారిలో మన సిద్ధాంతం ఇంట్లో కూర్చుని పూర్వపక్షం ఎంత దూరంలో ఉందో చూడాలి. రావుగారు నేరుగా పూర్వపక్షం ఇంట్లోకి పోయారు. నువ్వు చెప్పిందే నిజమనుకుంటాను, మందుకు ప్రభావం సున్నా. ఆ సున్నా దగ్గరే నిలబడి చూస్తాను. నా దగ్గరున్న సాక్ష్యం ఇక్కడ చదునుగా ఉందా, ఒక పక్కకు వాలి ఉందా? చదునుగా ఉంటే నువ్వే గెలిచావు. వాలు మరీ నిటారుగా ఉంటే నీ ఇంట్లో నువ్వే నిలబడలేవు. మన సిద్ధాంతం ఎంత గొప్పదో అంచనా వేయాల్సిన పనే లేదు ఈ పద్ధతిలో. క్యాన్సర్ ట్రయల్స్‌లో రోగులు ఎంతకాలం బతికారో పోల్చే లాగ్-ర్యాంక్ పరీక్ష గణితంలో ఈ కోవకే చెందుతుంది. నేను పైన కట్టి చూపించిన 150 లెక్కా అంతే.

ఇది నేర్చుకున్న రోజు నాకు జగ్గయ్యపేట ధనంబోడు గుర్తొచ్చింది. మా ఊరి పక్క గుట్ట మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో పురాతత్వవేత్త బర్జెస్ తవ్వించాడు. అక్కడి చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడ దొరికిన ఒక శాసనంలో నాగార్జునాచార్యుల శిష్యపరంపర పేర్లున్నాయి. శాసనం ఆరో శతాబ్దపుదంటారు, కనక బౌద్ధ తత్వవేత్త అయిన మాధ్యమిక నాగార్జునుడికి చాలా తర్వాతిది. పేరు మాత్రం అదే. ఆ మాధ్యమిక నాగార్జునుడి వాదపద్ధతి కూడా ఎదుటివాడి ప్రతిజ్ఞలోకి, అంటే అతను నిరూపిస్తానన్న మాటలోకి, పోయి, అక్కడి నుంచే అది ఎలా కూలుతుందో చూపించడం. నాకంటూ ప్రతిజ్ఞ లేదనేవాడాయన. గుట్ట మీది శాసనానికీ నందిగామ బళ్ళో చదివిన పిల్లవాడికీ సంబంధం ఉందని నేననను. అది కాకతాళీయం, తార్కికులు దాన్ని ప్రమాణంగా ఒప్పుకోరు. ఆ మాటకొస్తే, కాకి వాలడం, తాటిపండు పడటం రెండూ నిజంగా ఎన్నిసార్లు కలిసొస్తాయో లెక్క కట్టడమే గణాంక శాస్త్రం.

పూర్వపక్షాన్ని మోసం చేయడానికి దారులూ ఉన్నాయి. మొత్తం మీద ఫలితం రాకపోతే, ఆడవాళ్ళలో చూద్దాం, అరవై దాటినవాళ్ళలో చూద్దాం, శాకాహారుల్లో చూద్దాం అని ముక్కలు కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చీటీల చలవతోనే ఫలితం కనిపిస్తుంది. 1988లో గుండెపోటు రోగులకు ఆస్పిరిన్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి అచ్చయింది. పేరు ఐసిస్-2, రోగులు 17,187 మంది. ఆస్పిరిన్ వల్ల మరణాలు బాగా తగ్గాయి. ఇలా ముక్కలు కోయడం ఎంత ప్రమాదమో చూపించడానికి ఆ పరిశోధకులు కావాలనే రోగుల్ని రాశుల వారీగా విడగొట్టారు. మిథున, తుల రాశులవాళ్ళకు ఆస్పిరిన్ ఉపయోగం లేదని తేలింది, కాస్త చెరుపు చేసినట్టు కూడా! కమిటీలో ఈ సంగతి చెప్పినప్పుడు మా డాక్టర్లు నావైపు చూసి నవ్వారు. ఆ పరిశోధకులది సూర్యరాశి లెండి, మనది చంద్రరాశి, మళ్ళీ కోసి చూడాలన్నాను.

దీనికి విరుగుడు మన పూజలోనే ఉంది. పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటాం. దేశం, కాలం, పేరు, ఏ ఫలం కోరి చేస్తున్నామో అన్నీ చెప్పాకే నీళ్ళు వదులుతాం. వ్రతం అయ్యాక కొడుకు పుట్టకపోతే, నేను కోరింది వర్షం అని మార్చుకోవడం కుదరదు. ట్రయల్స్‌కూ అంతే. ఏ ఫలితం కోసం, ఎంతమందిలో, ఏ లెక్కతో చూస్తారో మొదలుపెట్టకముందే బహిరంగంగా రాసిపెట్టాలి. మన దేశంలో ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది జ్ఞానం సంగతి. మావాడు అడిగింది ధర్మం. శాస్త్రంలో చెరువు నీళ్ళే. ట్రయల్‌లో చెరువు స్థానంలో మనుషులుంటారు.

హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ మూడో దశ పరీక్షలో సుమారు 25,800 మంది చేరారు. చివరి లెక్కలోకి వచ్చినవాళ్ళలో టీకా వేసుకున్న 8,471 మందిలో 24 మందికి కోవిడ్ వచ్చింది. ఉత్త సూది పొడిపించుకున్న 8,502 మందిలో 106 మందికి వచ్చింది. 77.8 శాతం రక్షణ అని మనం పత్రికల్లో చదువుకున్న అంకె ఈ రెంటి నుంచే పుట్టింది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చేటప్పటికి ఈ అంకె లేదు. అది వేరే గొడవ. నేను చెప్పదలచింది ఆ 106 మంది గురించి. వాళ్ళకు జబ్బు రాకపోతే మనకు ఆ అంకె లేదు. వాళ్ళు మన చెరువు.

టీకా గుంపులోనూ ఒక విచిత్రం ఉంది. రెండు గుంపుల తేడా 82. అంటే ఆ పరీక్ష నడిచిన కొద్ది నెలల్లో సుమారు వందమందికి టీకా వేస్తే ఒక్కరికి జబ్బు తప్పింది. ఆ ఒక్కరు ఎవరు? డాక్టరుకు తెలియదు, గణితానికి తెలియదు, ఆ మనిషికీ తెలియదు. తనను ఎవరు కాపాడారో తెలియక కాదు, తనకు ఆపద తప్పిందన్న సంగతే తెలియదు. మొక్కు చెల్లించడానికి కూడా వీల్లేని రక్షణ అది. సగటు చెప్పే సత్యం ఇలాగే ఉంటుంది. వందమంది విషయంలో అది అబద్ధం కాదు, ఒక్కడి విషయంలో నోరు మెదపదు. ‘నాకు పనిచేస్తుందా’ అని రోగి అడిగితే ఏ పరీక్షా జవాబు చెప్పలేదు. అక్కడ మనిషి మళ్ళీ తిరుపతమ్మ వాకిటికి వెళ్తే నేను అభ్యంతరపెట్టను. ఆ వాకిటికీ ఈ లెక్కకూ పోటీ లేదు.

ఇక చీటీ ధర్మమా కాదా. రెండు షరతులు కుదిరితే ధర్మమే అని నా తీర్పు. మొదటిది, ఏది మంచిదో నిజంగానే ఎవరికీ తెలియకపోవాలి. తెలిసీ చీటీ వేస్తే అది పాపం. రెండోది, చీటీలో పేరున్నవాడికి అది చీటీ అని తెలియాలి. తెలిసి నిలబడినవాడు చేసింది దానం. తెలియకుండా నిలబెట్టినవాడి దగ్గర తీసుకున్నది దొంగసొమ్ము, దాంతో ఎంత పుణ్యకార్యం చేసినా సరే. ఈ కొలతతో చూస్తే నేను ఇంతసేపు పొగిడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్ష కూడా తప్పించుకోలేదు. ఆ 52 మందికి తాము పోలిక కోసం ఉన్నామని చెప్పలేదు.

మా పొరుగు జిల్లా ఖమ్మంలో జరిగింది అంతకంటే ఘోరం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. దాన్ని ట్రయల్ అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. హాస్టల్ పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలొచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ ప్రాజెక్టు నడిపిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. ఆ టీకా ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కాని పోల్చి చూసే గుంపు లేకపోవడంతో భయపడ్డ తల్లిదండ్రులకు లెక్క చూపించి జవాబు చెప్పే వీలు లేకపోయింది. అడగకుండా సంతకం పెట్టడంతో చెప్పిన జవాబును ఎవరూ నమ్మలేదు. చెరువూ లేదు, దానమూ లేదు. ఆ టీకాలు ఆపేసిన మరుసటి ఏడాదే, కృష్ణ దాటితే వచ్చే పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్ళి మందుల పరీక్షలు చేశారన్న సంగతి బయటపడి దేశమంతా గోలయింది. మన పక్కనే ఇన్ని జరిగాయి కనకనే, కమిటీలో అంగీకార పత్రం నా ముందుకు వచ్చినప్పుడు అక్షరదోషాలు దిద్దడంతో సరిపెట్టుకోను. ‘మీకు మందు వస్తుందో ఉత్త బిళ్ళ వస్తుందో చీటీ తేలుస్తుంది, డాక్టరుకు కూడా తెలియదు’ అనే వాక్యం మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో ఉండాలంటాను. భయపెట్టి పంపేస్తున్నారని విసుక్కుంటారు. విసుక్కోనీ.

మా అన్నయ్య కొడుక్కి ఇదంతా చెప్పలేదు. రెండు షరతులు చెప్పి, నువ్వే తేల్చుకోమన్నాను. వాడు చేరాడు. ఏ గుంపులో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

మీలో ఎవరినైనా అలా అడిగితే, ఆ పత్రం ఇంటికి తెచ్చుకుని చదువుకోండి, చదవలేనివారు నమ్మకమైనవారి చేత చదివించుకోండి. రిజిస్ట్రీ నంబరు అడగండి. చీటీ ఉందా, ఉత్త బిళ్ళ ఉందా అడగండి. ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాల్సిన బాధ్యత వాళ్ళది. సంతకం పెట్టిన పత్రం నకలు ఒకటి మీ చేతికి ఇవ్వాలి. ఇస్తామనకపోతే సంతకం పెట్టకండి.